పుట్టు వెంట్రుకల మొక్కు, అమృత్ తీసుకున్న భర్త

ప్రశ్న: మాది కృష్ణా జిల్లా. నా భర్తది హైదరాబాద్‌లో తరతరాలుగా స్థిరపడిన సిక్కు కుటుంబం. వాళ్లింట్లో తెలుగు బాగా మాట్లాడతారు. నాలుగేళ్ల కిందట రిజిస్టరు పెళ్లి చేసుకున్నాం. అప్పట్లో ఆయన గడ్డం కత్తిరించుకునేవారు, పండగలకు మాత్రమే తలపాగా కట్టేవారు. ఈ ఏడాది వైశాఖీ పండగ రోజున నాతో ముందుగా చెప్పకుండానే గురుద్వారాలో అమృత్, అంటే సిక్కు దీక్ష, తీసుకుని వచ్చారు. ఇప్పుడు కిర్పాన్ అనే చిన్న కత్తిని నిద్రలో కూడా ఒంటిమీద నుంచి తీయరు. నా కంచంలో ముద్ద తినరు. బయట బిరియానీ పూర్తిగా మానేశారు. మా బాబుకు పది నెలలు. వాడు కడుపులో ఉండగా, కాన్పు కష్టమవుతుందని డాక్టరు చెప్పినప్పుడు, పుట్టు వెంట్రుకలు తిరుమలలో ఇస్తామని మా అమ్మ మొక్కుకుంది. ఇప్పుడు ఆయన వాడి వెంట్రుక మీద కత్తెర పడకూడదంటున్నారు. మొక్కు తీర్చకపోతే బిడ్డకు మంచిది కాదని అమ్మ ఏడుస్తోంది. ఆయన ఊళ్లో లేనప్పుడు తీసుకుపోదామంటోంది. కత్తి పెట్టుకుని తిరిగితే పోలీసులు పట్టుకోరా అని కూడా భయపడుతోంది. ఇంకోవైపు, నన్నూ అమృత్ తీసుకోమని ఆయన బంధువులు అడుగుతున్నారు. నేనేం చేయాలి?
పేరు రాయవద్దని కోరిన పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో తక్షణం జవాబు కావలసిన మాట ఒకటుంది కనుక ముందు దాని గురించి చెబుతాను. మీ భర్త ఊళ్లో లేనప్పుడు బాబును తిరుమలకు తీసుకువెళ్లి పుట్టు వెంట్రుకలు తీయించవద్దు. మీ అమ్మగారి భక్తిని తక్కువ చేసి ఈ మాట అనడం లేదు. ఆ జుట్టు మీ భర్తకు ఏమిటో తెలిస్తే, చాటుగా చేసే ఆ పని మీ సంసారంలో ఎంత లోతున తగులుతుందో మీకే అర్థమవుతుంది. తలనీలాలు తీశాక మళ్లీ పెరుగుతాయి కదా అని మనం అనుకుంటాం. సిక్కు సంప్రదాయంలో కేశం విలువ పుట్టినప్పటి నుంచి తాకకుండా ఉంచడంలోనే ఉంది కాబట్టి, ఒకసారి తీసిన తరువాత మళ్లీ ఎంత పెరిగినా అది పోయినట్టే.

అమృత్ తీసుకోవడమంటే ఏమి చేయడమో మీకు ఇంట్లో ఎవరూ కూర్చోబెట్టి చెప్పినట్టు లేదు. 1699 వైశాఖీ నాడు పంజాబులోని ఆనంద్‌పూర్ సాహిబ్‌లో పదవ గురువు గురు గోవింద్ సింగ్ నిండు సభలో ఖడ్గం దూసి, తల ఇవ్వగలవారు ఎవరని అడిగారు. ఒకరి తరువాత ఒకరుగా ఐదుగురు లేచారు. లాహోరుకు చెందిన దయా సింగ్, హస్తినాపురం ప్రాంతపు రైతు ధర్మ్ సింగ్, పూరీ జగన్నాథం నుంచి వచ్చిన, నీళ్లు మోసే వృత్తి కుటుంబానికి చెందిన హిమ్మత్ సింగ్, ద్వారక నుంచి వచ్చిన, బట్టలపై అద్దకం వేసే మొహ్‌కమ్ సింగ్, బీదరుకు చెందిన సాహిబ్ సింగ్, ఈ ఐదుగురినీ పంజ్ ప్యారే, అంటే ఐదుగురు ప్రియతములు అంటారు. చివరి పేరు మీ అమ్మగారికి తప్పకుండా చెప్పండి. బీదరు మన జహీరాబాదుకు ఆనుకునే ఉంది. 1956 వరకు మనతోపాటు హైదరాబాద్ రాజ్యంలోనే ఉంది. ఆ సాహిబ్ సింగ్ క్షౌరవృత్తి చేసే కుటుంబంలో పుట్టినవారు. కత్తెర చేతబట్టే ఇంటినుంచి వెళ్లి, కేశాన్ని జీవితాంతం కాపాడతానని మొదట మాట ఇచ్చిన ఐదుగురిలో ఒకరు అయ్యారు. గురువు ఆ ఐదుగురికీ అమృత్ ఇచ్చి, ఆ తరువాత వారి ముందే మోకరిల్లి తనకూ ఇవ్వమని అడిగి పుచ్చుకున్నారు. అప్పటిదాకా గోవింద్ రాయ్‌గా ఉన్న ఆయన గోవింద్ సింగ్ అయ్యింది ఆ రోజే. గురువే శిష్యుల చేతిలో దీక్ష తీసుకున్న సంఘటన మతాల చరిత్రలో చాలా అరుదు. నాకు ఈ కథలో అన్నిటికన్నా మనసుకు హత్తుకునే ఘట్టం కూడా అదే.

మీ భర్త ఈ ఏడాది చేసింది ఆ రోజు జరిగినదాన్ని మళ్లీ తన శరీరంతో చేయడం. సిక్కుల పవిత్ర గ్రంథమైన గురు గ్రంథ్ సాహిబ్ సమక్షంలో ఐదుగురు అమృత్‌ధారులు, అంటే ఇదివరకే దీక్ష తీసుకున్నవారు, ఇనుప గిన్నెలో నీళ్లు, బతాసాలు వేసి, రెండంచుల ఖడ్గమైన ఖండాతో కలుపుతూ జప్‌జీ, జాప్, సవైయే, చౌపాయీ, ఆనంద్ అనే ఐదు బాణీలు, అంటే ప్రార్థనా పాఠాలు, చదువుతారు. ఆ నీటిని ఆయన దోసిట్లో ఐదుసార్లు తాగి ఉంటారు. కళ్లమీద ఐదుసార్లు, జుట్టుమీద ఐదుసార్లు చల్లి ఉంటారు. మిగిలినది దీక్ష తీసుకున్నవారంతా ఒకే గిన్నె నుంచి తాగుతారు. అప్పుడు వారికి చెప్పే మాట ఇది: ఈ రోజు నుంచి మీ తండ్రి గురు గోవింద్ సింగ్, తల్లి మాతా సాహిబ్ కౌర్, పుట్టిన చోటు కేశ్‌గఢ్ సాహిబ్, స్వస్థలం ఆనంద్‌పూర్ సాహిబ్. అంతకుముందున్న కులం, వంశం, వృత్తి అక్కడితో తీరిపోతాయి. కన్న తల్లిదండ్రులను వదులుకోమని దీని అర్థం కాదు; పుట్టుకతో వచ్చిన ఎక్కువతక్కువలను వదులుకోమని అర్థం.

అక్కడ ఆయన నాలుగు పనులు ఎన్నటికీ చేయనని మాట ఇచ్చారు: వెంట్రుకలు తీయడం, కుఠా (మతవిధి ప్రకారం వధించిన) మాంసం తినడం, పరస్త్రీ సంబంధం, పొగాకు వాడకం. ఈ నిషేధాలను కురహిత్‌లు అంటారు. ఏది తప్పినా దీక్ష పోయినట్టే. మళ్లీ ఐదుగురి ముందు నిలబడి తప్పు ఒప్పుకుని, వాళ్లు వేసిన శిక్ష భరించి, మొదటి నుంచి అమృత్ తీసుకోవాలి. ఇక బాబు సంగతికి వస్తే, అమృత్‌సర్‌లోని శిరోమణి గురుద్వారా ప్రబంధక్ కమిటీ 1945లో ఆమోదించిన సిక్ఖ్ రెహత్ మర్యాద అనే నియమావళిలో, సిక్కు తన పిల్లలు పుట్టుకతో తెచ్చుకున్న జుట్టును తాకకూడదని, కొడుకులదైనా కూతుళ్లదైనా కేశాన్ని అలాగే ఉంచాలని స్పష్టంగా ఉంది.  అందువల్ల మీ భర్త వద్దనడానికి మీ అమ్మగారి మీద కోపమో, వేంకటేశ్వరస్వామి మీద అగౌరవమో కారణం కాదు. తాను ఐదుగురి ముందు నిలబడి ఇచ్చిన మాటకు, తండ్రిగా తన చేతిలో ఉన్న మొదటి పరీక్ష ఇది అని ఆయన అనుకుంటున్నారు.

మీ అమ్మగారి మాట కూడా అంత బరువైనదే అని నాకు తెలుసు. కూతురి ప్రాణం మీద భయంతో, డాక్టరు గది బయట నిలబడి మొక్కుకున్న మొక్కు అది. దాన్ని మూఢనమ్మకమని ఎవరన్నా, మీ భర్తే అన్నా, మీరు ఒప్పుకోవద్దు. అయితే ఆ మొక్కు మొక్కినది ఆవిడ. బిడ్డ మొక్కలేదు, మీ భర్త మొక్కలేదు. తిరుమల కల్యాణకట్టలో పెద్దవాళ్లు తమ తలనీలాలు ఇవ్వడం, స్త్రీలు మూడు కత్తెరలు ఇవ్వడం ఎప్పటినుంచో ఉన్నదే. మనవడి బదులు తన జుట్టు ఇచ్చి, స్వామికి జరిగింది విన్నవించుకోమని ఆవిడకు చెప్పి చూడండి. ఇచ్చిన మాటను తనవైపు నుంచి, తన ఒంటితో తీర్చడం అవుతుంది కనుక ఆవిడ మనసుకు ఊరట దొరుకుతుందని నా నమ్మకం. అప్పటికీ సందేహం తీరకపోతే, ఆవిడ నమ్మే పురోహితుణ్ణి అడిగి నిర్ధారించుకోనివ్వండి. నా మాటకన్నా ఆయన మాట ఆవిడకు ధైర్యం ఇస్తుంది. బిడ్డకు ఏమన్నా అవుతుందేమోనన్న భయం మాత్రం ఆవిడ మనసులోంచి తీసేయడం మీ బాధ్యత. రేపు బాబుకు మామూలు జలుబు చేసినా అది మొక్కు తీర్చకపోవడం వల్లనే అన్న మాట ఇంట్లో ఒక్కసారి పుట్టిందంటే, ఆ మాట మీ భర్త చెవిన పడక మానదు.

కంచంలో ముద్ద తినకపోవడం మిమ్మల్ని ఎక్కువ నొప్పించిందని ఉత్తరం చదివితే తెలుస్తోంది. కొత్తగా పెళ్లయిన ఏ జంటకైనా ఎంగిలి ముద్ద ఒక ప్రేమ గుర్తు కదా. రెహత్ మర్యాద ప్రకారం, దీక్ష తీసుకున్నవారు దీక్ష లేనివారి ఎంగిలి తినడం, తాగడం తన్ఖాహ్‌కు, అంటే శిక్షకు తగిన తప్పుల్లో ఒకటి. ఇది మీరు తక్కువ అని చెప్పే నియమం కాదు. అంటు, మైల లాంటి భావన దీని వెనుక లేదు. మీరు వండినది ఆయన తినవచ్చు, మీ పక్కన కూర్చుని తినవచ్చు, గురుద్వారాలో అందరికీ భోజనం పెట్టే లంగరులో మీరిద్దరూ ఒకే వరుసలో కూర్చోవచ్చు. జథాలు అనే కొన్ని సిక్కు బృందాలవారు అమృత్‌ధారులు వండినదే తింటామని మరింత కఠినమైన నియమం పాటిస్తారు. మీ భర్త ఆ దారిలో లేరని మీ ఉత్తరాన్నిబట్టి అర్థమైంది. రేపు ఆ దిశగా వెళ్లాలనుకుంటే, అది రెహత్ మర్యాద కోరేది కాదని, ఇంట్లో వంట చేసే మనిషిగా మీ మాట కూడా వినాలని ముందే చెప్పి ఉంచండి.

బిరియానీ సంగతి అంతకన్నా తేలిక. కుఠా అంటే మంత్రం చదివి, మతవిధి ప్రకారం వధించిన జంతువు మాంసం. హైదరాబాద్‌లో హోటళ్లలో వాడేది దాదాపు హలాల్ మాంసమే కాబట్టి ఆయన ఏ హోటల్లో ఏమి వాడుతున్నారో అని అడిగి తిరగడం కన్నా మానేయడం నయమనుకుని ఉంటారు. దీక్ష తీసుకున్నవారిలో మాంసం పూర్తిగా వదిలేసేవారూ ఉన్నారు, ఒకే వేటుతో కోసిన ఝట్కా మాంసం తినేవారూ ఉన్నారు. ఆయన ఏ పద్ధతిలో ఉన్నారో అడిగి తెలుసుకుంటే వారపు కూర లెక్క తేలుతుంది. మీ పుట్టింటికి వెళ్లినప్పుడు ఎవరైనా చుట్ట కాలుస్తుంటే ఆయన అక్కడినుంచి లేచిపోవచ్చు. దాన్ని మర్యాదలేనితనంగా తీసుకోవద్దని మీ వాళ్లకు ముందే చెప్పి పెట్టండి.

కిర్పాన్ గురించి మీ అమ్మగారికి చెప్పవలసినది కొంచెం ఎక్కువ ఉంది. కేశం, చెక్క దువ్వెన అయిన కంఘా, ఇనుప కడియమైన కడా, మోకాళ్ల దాకా ఉండే లోదుస్తు కఛేరా, కిర్పాన్, ఈ ఐదింటినీ ఒంటిమీద నుంచి దూరం చేయకూడదన్నది అమృత్‌ధారి నియమం. అందుకే ఆయన నిద్రలో కూడా తీయడం లేదు, స్నానం చేసేటప్పుడు తలకో నడుముకో కట్టుకుంటారు. కృప, గౌరవం అనే రెండు మాటల కలయిక కిర్పాన్ అని సిక్కులు చెప్పుకుంటారు. బలహీనుణ్ణి కాపాడవలసి వస్తే తప్ప ఒర నుంచి రాకూడనిదని వారి బోధ. మన రాజ్యాంగం 25వ అధికరణంలోనే, కిర్పాన్ ధరించడం, వెంట తీసుకువెళ్లడం సిక్కు మతాచరణలో భాగమేనని వివరణ ఉంది. పోలీసుల గురించి ఆవిడ భయపడనక్కరలేదు. దేశంలోపల తిరిగే మన విమానాల్లో కూడా 6 అంగుళాలకు మించని అలుగుతో, మొత్తం 9 అంగుళాలకు మించని కిర్పాన్‌ను అనుమతిస్తారు. విదేశీ ప్రయాణాలైతే లగేజీలో వేయవలసి ఉంటుంది. ఇక పసిబిడ్డ పక్కన ఉండడం అనే భయం మాత్రం న్యాయమైనదే, దాన్ని తోసేయవద్దు. కిర్పాన్ ఎంత పొడవుండాలో రెహత్ మర్యాద చెప్పలేదు. రాత్రిళ్లు చాలా చిన్నది ధరించమని, ఒర బిగుతుగా ఉండి ఊడిరానిదై ఉండాలని, దాన్ని భుజానికి వేలాడదీసే గాత్రా పట్టీ బాబు చేతికి చిక్కకుండా చూసుకోమని మీరు అడగవచ్చు. ఏ తండ్రీ కాదనడు. చిన్న కిర్పాన్‌తోనే నిద్రపోయే అమృత్‌ధారులు ఎందరో ఉన్నారు.

మీరూ అమృత్ తీసుకోవాలా అన్నదానికి నా జవాబు: బంధువులు అడిగారని, ఇంట్లో గొడవ తగ్గుతుందని మాత్రం తీసుకోవద్దు. ఏ దేశం, ఏ మతం, ఏ కులం వారికైనా అమృత్ తలుపు తెరిచే ఉంటుంది, స్త్రీపురుష భేదం లేదు, అమృత్ ఇచ్చే ఐదుగురిలో కూడా స్త్రీలు ఉండవచ్చు. కానీ అది మనసు పూర్తిగా నిలిచినవారు ఇచ్చే మాట. మీరు ఇస్తే ఆయన పాటించేవన్నీ మీకూ వర్తిస్తాయి: ఉదయం లేచి మూడు బాణీలు, సాయంత్రం రెహ్‌రాస్, పడుకోబోయే ముందు సోహిలా, కనుబొమ్మలు దిద్దించుకోవడంతో సహా ఏ వెంట్రుకా తీయకపోవడం, వరలక్ష్మీ వ్రతం, ముహూర్తాలు, తిథులు, పితృకార్యాలు లాంటివన్నీ వదలడం. ముక్కు, చెవులు కుట్టించుకోవడం కూడా రెహత్ మర్యాదలో వద్దన్నదే, అయినా చెవిపోగులు పెట్టుకునే సిక్కు స్త్రీలు చాలామంది ఉన్నారు. వీటిలో మీకు ప్రాణప్రదమైనవి ఏవో మీకే తెలుసు. దీక్ష తీసుకోని భార్యతో సంసారం చేయడం ఆ నాలుగు కురహిత్‌లలో లేదు. ఆయనకు మీరు భార్యే, మీ పూజగది మీదే. అమృత్‌ధారి తన భార్యకు కూడా అమృత్ ఇప్పించాలని రెహత్ మర్యాదలో ఒక మాట ఉంది; అయినా ఇష్టంలేని మనిషి మీద తన నియమాన్ని రుద్దమని దాని అర్థం కాదు. మీకు నిజంగా ఆసక్తి కలిగితే, ముందు గురుద్వారాలో అమృత్‌ధారి అయిన స్త్రీ ఎవరితోనైనా ఓ నాలుగు వారాలు మాట్లాడండి. మీ అత్తింటివారు నాందేడ్‌లోని హజూర్ సాహిబ్ గురుద్వారా సంప్రదాయాన్ని అనుసరిస్తుంటే అక్కడి ఆచారాలు కొన్ని అమృత్‌సర్ కన్నా వేరుగా ఉంటాయి కాబట్టి, అదీ అడిగి తెలుసుకోండి.

బాబు విషయంలో మీకు ఒక భరోసా కూడా ఇవ్వాలి. తండ్రి అమృత్‌ధారి అయినంత మాత్రాన కొడుకు అమృత్‌ధారి కాడు. మంచిచెడ్డలు తెలుసుకునే వయసు రాకుండా అమృత్ ఇవ్వకూడదని రెహత్ మర్యాదలోనే ఉంది. ఇప్పుడు ఆయన కోరుతున్నది జుట్టు ఉంచడం ఒక్కటే. దీక్ష తీసుకోవాలా వద్దా అన్నది రేపు వాడు నిర్ణయించుకుంటాడు. అయితే చెవులు కుట్టించడం, అక్షరాభ్యాసం, ఆదాయంలో పదో వంతు సేవకు తీసిపెట్టే దస్వంధ్ లాంటివి ఒకదాని వెనుక ఒకటి మీ ఇంట్లో చర్చకు వస్తాయి. వాటిలో అన్నిటికీ ఆయన మాటే చెల్లాలని నేను అనను. చెవులు కుట్టించడం ఆయన వద్దంటే, అక్షరాభ్యాసం మీ పద్ధతిలో జరగాలని మీరు కోరడం సబబే. దస్వంధ్ మాత్రం ఇంటి ఆదాయంలో పదో వంతు తగ్గించేది కాబట్టి, నెల జీతం రాకముందే ఇద్దరూ కూర్చుని లెక్క వేసుకోండి.

మీ భర్తతో మాట్లాడేటప్పుడు ఒక మాట దాచుకోవద్దు. ఇంత పెద్ద నిర్ణయం మీతో చెప్పకుండా తీసుకోవడం ఆయన చేసిన తప్పే. అమృత్ తీసుకోవడానికి భార్య అనుమతి అక్కరలేదు, నిజమే; కానీ ఆ మరుసటి రోజు నుంచి ఇంట్లో వంట, నిద్ర, ప్రయాణం, బిడ్డ పెంపకం అన్నీ మారతాయని తెలిసినవాడు ముందు రోజు రాత్రి పక్కన కూర్చుని చెప్పి ఉండవలసింది. ఆ బాధ మీలో ఉండిపోయినంత కాలం కేశం గురించిన చర్చ జుట్టు దగ్గర ఆగదు. అందుకని ముందు ఆ మాట అనండి, ఆయనను జవాబు చెప్పనివ్వండి, తరువాత మొక్కు సంగతికి రండి. మొక్కు విషయంలో మీరిద్దరూ ఒక నిర్ణయానికి వచ్చాక, మీ అమ్మగారికి దాన్ని ఆయనే ఫోను చేసి చెబితే బాగుంటుంది. అల్లుడు స్వయంగా, మీ మొక్కు నాకు తెలుసు, మీరు నా భార్య ప్రాణం కోసం మొక్కుకున్నారు, కానీ నేను ఇలా మాట ఇచ్చాను అని చెబితే, ఆవిడ వినే తీరు వేరుగా ఉంటుంది. కుదిరితే ఆవిడను ఒకసారి నాందేడ్ తీసుకువెళ్లండి. గురు గోవింద్ సింగ్ 1708లో గ్రంథానికే గురుపీఠం అప్పగించి కన్నుమూసింది అక్కడే, బాసర మీదుగా మన రాజమండ్రి దాకా వచ్చే ఆ గోదావరి ఒడ్డునే.

పుట్టు వెంట్రుకలు తీయించేటప్పుడు బిడ్డ మేనమామ ఒడిలో కూర్చుంటాడు కాబట్టి, మీ తమ్ముడో అన్నో ఈ వేడుక పోయిందని చిన్నబుచ్చుకుని ఉండవచ్చు. వాడి జుట్టు ఏడాది రెండేళ్లలో నడినెత్తిన ముడి వేసేంత పెరుగుతుంది, తరువాత పట్కా అనే చిన్న తలగుడ్డ కడతారు. కొన్నేళ్లు గడిచి తలపాగా కట్టే వయసు వచ్చినప్పుడు దస్తార్‌బందీ అని కుటుంబమంతా కలిసి వేడుక చేస్తారు. ఆ రోజు తలపాగా గుడ్డ మేనమామే తెస్తాడని మీ భర్తతో ఇప్పుడే ఒక మాట అనిపించుకోండి.